కొత్త ఇంటికి పాత రాళ్ళు: రోమ్‌లోని క్రెషెంజీ ఇల్లు

రోమ్ చూడటానికి వెళ్ళినవాళ్ళలో చాలామంది శాంతా మరియా ఇన్ కాస్మెదిన్ చర్చి వరండాలో క్యూ కట్టి, అబద్ధాలకోరుల చెయ్యి కొరుకుతుందని చెప్పే రాతి ముఖం నోట్లో చెయ్యి పెట్టి ఫోటో దిగి, అక్కణ్ణుంచే బస్సెక్కేస్తారు. అదే రోడ్డు మీద ఇంకో రెండు మూడు నిమిషాలు నడిస్తే లూయిజి పెట్రొసెల్లి వీధిలో ఎర్రటి పాత ఇటుక కట్టడం ఒకటి కనిపిస్తుంది. ఎదురుగా ఎప్పుడూ ట్రాఫిక్కే. ఇంటి పై అంతస్తు చాలావరకు పోయింది. మిగిలిన గోడ మీద వరసగా ఇటుక అరస్తంభాలు (గోడలోంచి సగం బయటికి వచ్చినట్టుండే స్తంభాలు), వాటి పైన చూరు పొడవునా చెక్కిన పాలరాతి ముక్కలు. ఆ ముక్కల్లో ఏ రెండూ ఒక జత కావు. ఒకదాని మీద ఆకుల తీగ, ఇంకోదాని మీద రెక్కల పసివాళ్ళు.

దీని పేరు కాసా దెయి క్రెషెంజీ, అంటే క్రెషెంజీ వాళ్ళ ఇల్లు. కట్టించినవాడు నికోలస్. తండ్రి క్రెషెన్స్, తల్లి థియొడోరా అని తలుపు మీద రాయించాడు. 1040, 1065 మధ్య కట్టి ఉంటారని చాలాకాలంగా రాస్తూ వచ్చారు. 12వ శతాబ్దం మొదటి భాగానికి జరపాలని వాదించేవాళ్ళూ ఉన్నారు. ఏ లెక్కన చూసినా దీని వయసు తొమ్మిది వందల ఏళ్ళ పైమాటే. ఇంటి మీద పెట్టిన రాళ్ళ వయసు అంతకు ఇంకో వెయ్యేళ్ళు ఎక్కువ. చర్చిలు మిగులుతాయి, కోటలు మిగులుతాయి. ఆ కాలపు నివాసం ఇంత ఆనవాలుగా మిగలడం మాత్రం రోమ్‌లో కూడా అరుదు.

పాత కట్టడాల నుంచి తీసి కొత్త కట్టడంలో పెట్టిన ఇలాంటి ముక్కల్ని చరిత్రకారులు స్పోలియా అంటారు. వీటిని చూడగానే మనకు మూడు జవాబులు తడతాయి. కొత్తగా చెక్కడం చేతకాక పెట్టుకున్నారు. ఫ్రీగా దొరికాయని పెట్టుకున్నారు. లేదంటే పాత రోమ్ మీద ప్రేమతో పెట్టుకున్నారు. పుస్తకాల్లో కూడా ఒక్కొక్కరు ఒక్కో జవాబు పట్టుకుని మిగతా రెండింటినీ పక్కన పడేస్తుంటారు. ఈ ఇంటి ముందు నిలబడితే ఆ తగాదాను కాస్త విడదీసి చూడవచ్చని నా నమ్మకం. ఇక్కడ గోడ ఒక సాక్ష్యం చెబుతోంది, యజమాని తలుపు మీద తన వాంగ్మూలం తానే ఇచ్చాడు. ఆ రెండూ అన్నిచోట్లా కలవవు.

రాళ్ళు అంత తేలిగ్గా ఎలా దొరికాయి?

ముందు ఆ ఊరి పరిస్థితి చూడాలి. సామ్రాజ్యం మంచి ఊపులో ఉన్నప్పుడు రోమ్ జనాభా దాదాపు పది లక్షలని అంచనా. 537లో గోత్‌లు అనే జర్మానిక్ తెగవాళ్ళు ముట్టడించినప్పుడు ఊరికి నీళ్ళు తెచ్చే కాలువలు తెంచేశారు. కొండల మీద ఇళ్ళకి నీళ్ళు ఆగిపోయాయి. యుద్ధాలు, రోగాలు, ధాన్యం ఓడలు రాకపోవడం అన్నీ కలిసి కొన్ని వందల ఏళ్ళలో జనం కొన్ని పదివేలకు పడిపోయారు. వాళ్ళంతా టైబర్ నది ఒంపులో, నీళ్ళ దగ్గర సర్దుకున్నారు. 3వ శతాబ్దంలో అరేలియన్ చక్రవర్తి కట్టించిన ప్రాకారం మాత్రం సుమారు 19 కిలోమీటర్లు. దాని లోపల ఎక్కువ భాగం ద్రాక్షతోటలు, పశువుల మేత, మధ్యలో కప్పులు కూలిన భవనాలు.

పాలరాయి కొత్తగా వచ్చే దారి అప్పటికే మూసుకుపోయింది. రోమన్ల కాలంలో తెల్లరాయి లూని గనుల నుంచి, అంటే ఇవాళ కరారా అని మనం పిలిచే చోటి నుంచి వచ్చేది. పసుపు రాయి ఉత్తర ఆఫ్రికా నుంచి, ఊదా రంగు పార్ఫిరీ ఈజిప్టు ఎడారి నుంచి ఓడల్లో దిగేవి. ఆ ఓడలు లేవు, గనుల్లో పని లేదు. కాబట్టి రాయి కావలసినవాడికి ఊరే గని.

ఆ గనిలో అన్నిటికంటే గిరాకీ ఉన్న సరుకు మాత్రం చెక్కిన రాయి కాదు, సున్నం. పాలరాయి అంటే కాల్షియం కార్బనేట్. దాన్ని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నం మిగులుతుంది. నీళ్ళు పోసి, ఇసుక కలిపితే గోడకి పట్టే గచ్చు. మంచి పాలరాయి మంచి సున్నం ఇస్తుంది, దాని మీద దేవత ముఖం ఉందా, చక్రవర్తి పేరు ఉందా అన్నది బట్టీకి పట్టదు. మధ్యయుగ రోమ్‌లో సున్నం బట్టీల పేరు మీదే ఒక పేట ఉండేది. ఇవాళ లార్గో అర్జెంటీనా అనే కూడలి ఆ ప్రాంతంలోదే. రాళ్ళని ఒకదానికొకటి బిగించడానికి పాతవాళ్ళు వేసిన ఇనుప పట్టీలు, వాటి చుట్టూ పోసిన సీసం కూడా విలువైన సరుకే. కొలోసియం గోడల నిండా కనిపించే గుంటలు చాలావరకు ఆ లోహం తవ్వుకున్న ఆనవాళ్ళు.

ఇదంతా బయటినుంచి వచ్చిన మూకలు చేశారనే మాట బలంగా నాటుకుపోయింది. 458లో మెజోరియన్ చక్రవర్తి వేసిన శాసనం చదివితే అసలు సంగతి తెలుస్తుంది. ప్రభుత్వ పనికి రాయి కావాలన్న సాకుతో అధికారులే పాత భవనాలు కూల్చడానికి అనుమతులు ఇచ్చేస్తున్నారని ఆయన ఫిర్యాదు. అలా అనుమతిచ్చిన అధికారికి 50 పౌండ్ల బంగారం జరిమానా, దాన్ని అమలు చేసిన కింది ఉద్యోగులకు దెబ్బలు, చేతులు నరకడం శిక్ష. శాసనం అంత కటువుగా ఉందంటే ఊళ్ళో ఆ పని ఎంత మామూలైపోయిందో ఊహించుకోవచ్చు. ఇంకా వెనక్కి పోతే, 315లో పూర్తయిన కాన్‌స్టంటైన్ విజయతోరణం మీద ట్రాజన్, హేడ్రియన్, మార్కస్ అరీలియస్‌ల కాలపు శిల్పాలు తెచ్చి అతికించారు. కొన్నిటిలో పాత చక్రవర్తి ముఖాన్ని చెక్కేసి కొత్త ముఖం తీర్చారు. అప్పటికి రోమ్‌లో శిల్పులు ఉన్నారు, సామ్రాజ్యం ఉంది, డబ్బు ఉంది. కాబట్టి పాత రాయి వాడటమంటే లేమికి గుర్తు అని ఒక్క ముక్కలో తేల్చెయ్యలేం.

అంటే నికోలస్ కాలానికి ఒక పాత పాలరాతి ముక్క ముందు మూడు దారులున్నాయి. అది ఉన్న కట్టడం చర్చిగానో కోటగానో మారితే ఉన్నచోటే బతుకుతుంది. లేకపోతే బట్టీకి పోతుంది. ఎవరికైనా కంటికి నచ్చితే, బండెక్కి వెళ్ళి ఇంకో గోడలో కూర్చుంటుంది. మొదటి దారికి సాక్ష్యం ఈ ఇంటి పక్కనే ఉంది. రేవు దేవుడు పోర్టునస్ గుడి ఇవాళ్టికీ చెక్కుచెదరకుండా నిలబడటానికి కారణం 872లో దాన్ని చర్చిగా మార్చడమే. మూడో దారికి సాక్ష్యం నికోలస్ ఇల్లు.

గోడ ఏం చెబుతోంది?

ఇప్పుడు ఇంటి దగ్గరికి వద్దాం. ఎదురు ఫుట్‌పాత్ మీద కాకుండా గోడ కిందకే వెళ్ళి తలెత్తి చూడాలి.

చూరు మీద పాలరాతి ముక్కల్లో ఆకుల తీగ ఒకటి మెలిక తిరుగుతూ వచ్చి, మెలిక పూర్తికాకుండానే రాయి అంచు దగ్గర తెగిపోతుంది. పక్క ముక్కలో డిజైన్ వేరు, చెక్కడం లోతు వేరు, రాయి ఎత్తు కూడా కాస్త వేరు. ఏ శిల్పీ తీగను అలా సగంలో ఆపడు. కాబట్టి ఆ ముక్క ఒకప్పుడు ఇంకెక్కడో, ఇంకా పొడవైన వరసలో భాగం. ఇంతవరకు ఎవరికైనా అర్థమవుతుంది. అసలు విషయం వాటి కింద ఉంది.

అరస్తంభాలు ఇటుకవి. వాటి తలలు కూడా ఇటుకతోనే చేశారు. రోమన్ గుళ్ళ స్తంభాల తలల మీద ఉండే ఆకుల వరసల్ని గుర్తుకు తెచ్చేలా ఇటుకని చెక్కి, మలిచి పెట్టారు. చూరు కింద కూడా పాత పాలరాయి చాలని చోట దానికి తగ్గట్టు కొత్తగా చేసి పూరించారు. ఫ్రీగా దొరికాయని ఏరుకొచ్చి అతికించిన మేస్త్రీ ఈ పని చెయ్యడు, ముక్కలు అయిపోయినచోట మామూలు గోడ కట్టేసి ఊరుకుంటాడు. ఇక్కడ ఎవరో ముందుగా ఒక రూపం మనసులో అనుకున్నారు. వరసగా స్తంభాలు, వాటి మీద అలంకరించిన చూరు, అంటే రోమన్ గుడి పక్కగోడ ఎలా ఉంటుందో అలా. ఆ రూపానికి పాత ముక్కలు ఎంతవరకు సరిపోతే అంతవరకు వాడి, మిగతాది తమ చేత్తో చేసుకున్నారు. అరస్తంభాలు గోడకి అంటుకుని ఉన్న పోర్టునస్ గుడి కొన్ని అడుగుల దూరంలోనే ఉంది. మేస్త్రీలు తలతిప్పితే నమూనా కళ్ళెదుటే.

చేతకానితనం అనే జవాబుని నేను ఒప్పుకోకపోవడానికి కారణం ఈ ఇటుక తలలే. వీటిని చూసి మొరటుగా ఉన్నాయని పెదవి విరిచినవాళ్ళు పాత రోజుల్లో చాలామంది ఉన్నారు. పాలరాతి శిల్పంతో పోలిస్తే మొరటే. కానీ ఇటుకలో ఆకు తీయడానికి ప్రయత్నించినవాడికి ఏం కావాలో స్పష్టంగా తెలుసు.

ఇంకో మెలిక ఉంది. ఆ ఇటుకలు కూడా పాతవే. నికోలస్ కాలంలో రోమ్‌లో కొత్త ఇటుక కాల్చడం దాదాపు లేదు. కూలిన స్నానశాలలు, గోదాముల నుంచి తీసిన ఇటుకల్ని గీకి శుభ్రం చేసి మళ్ళీ కట్టేవాళ్ళు. అంటే ఈ ఇంట్లో పాతదని చూపించడానికి పెట్టిన పాత సరుకు ఉంది, పాతదని ఎవరూ పట్టించుకోని పాత సరుకూ ఉంది. పాలరాతి తీగను వీధిలోకి కనిపించేలా పెట్టారు, ఇటుకని గోడలో కలిపేశారు. స్పోలియా గురించిన గందరగోళం చాలావరకు ఈ రెండింటినీ ఒకే గంపలో వెయ్యడం వల్ల వస్తుంది. ఇటుక విషయంలో 'అందుబాటులో ఉంది, వాడారు' అన్న జవాబు సరిపోతుంది. చూరు విషయంలో సరిపోదు. ఒకే ఇంట్లో, ఒకే మేస్త్రీ చేతిలో, ఒకే రోజున రెండు రకాల పనీ జరిగి ఉండొచ్చు.

కాలం తేల్చడంలో చిక్కు కూడా ఇక్కణ్ణుంచే వస్తుంది. రోమన్ ఇటుకల మీద తయారుచేసినవాళ్ళ ముద్రలు ఉంటాయి, కొన్నిటిపై ఆ ఏటి కాన్సుళ్ళ (రోమ్ ఉన్నతాధికారుల) పేర్లు కూడా. 123వ సంవత్సరం ముద్రలు రోమ్‌లో తెగ దొరుకుతాయి. కానీ పాత ఇటుకతో కట్టిన గోడలో ఆ ముద్ర ఇటుక పుట్టినరోజు చెబుతుంది తప్ప గోడ పుట్టినరోజు చెప్పదు. అందుకే నిపుణులు ఇటుకల మధ్య గచ్చు ఎంత మందంగా ఉంది, దాని మీద తాపీతో గీత ఎలా గీశారు, శాసనంలో అక్షరాల వంపు ఎలా ఉంది అన్నవి చూసి కాలం కడతారు. ఇలాంటి లెక్కలో పదేళ్ళు ఇరవయ్యేళ్ళు అని కచ్చితంగా రాదు. ఈ ఇంటి కాలం మీద యాభై అరవై ఏళ్ళ తేడాతో వాదన ఇంకా నడుస్తోందంటే ఆశ్చర్యం లేదు.

తలుపు మీద యజమాని మాట

ద్వారం పైన పొడవైన లాటిన్ పద్యం చెక్కి ఉంది. మొదటి మాటలు ఇవి: ఈ ఇంటి యజమాని నికోలస్‌కి లోకంలో కీర్తి అన్నది దేనికీ కొరగాదని తెలియక కాదు, అతని చేత దీన్ని కట్టించింది వట్టి గొప్ప కంటే, రోమ్ పాత అందాన్ని మళ్ళీ కొత్తగా నిలబెట్టాలన్న కోరిక.

ఆ తర్వాత పద్యం మృత్యువు వైపు తిరుగుతుంది. అందమైన ఇళ్ళలో ఉన్నప్పుడు సమాధుల్ని తలుచుకోండి, అక్కడ ఎంతోకాలం ఉంటామని నమ్ముకోకండి. మృత్యువు రెక్కల మీద వస్తుంది, ఎవరి బతుకూ శాశ్వతం కాదు. గాలికి దొరక్కుండా పారిపో, నూరు తలుపులు మూసుకో, వెయ్యిమందిని కాపలా పెట్టుకో, మృత్యువు పక్కన లేకుండా మాత్రం పడుకోలేవు. మన వేమన చదివినవాళ్ళకి ఈ ధోరణి కొత్తేమీ కాదు.

వెంటనే స్వరం మళ్ళీ మారుతుంది. ఈ ఇల్లు చుక్కల్ని అంటేలా లేస్తోంది, మేటివాళ్ళలో మేటి, గొప్పవాడు నికోలస్ దీన్ని పునాది నుంచి లేపాడు, తన పూర్వీకుల వైభవాన్ని మళ్ళీ నిలపడానికి. తల్లిదండ్రుల పేర్లు, కొడుకు డేవిడ్‌కి ఇల్లు అప్పగిస్తున్నానన్న మాట కూడా అందులోనే. ఇంటి మీద ఉన్న ఇంకో శాసనం దారినపోయేవాళ్ళని నేరుగా పిలుస్తుంది: ఈ చక్కని ఇంటి పక్కగా వెళ్ళే రోమన్ పౌరులారా, ఇల్లు చూసి నికోలస్ ఎలాంటి మనిషో తూకం వేసుకోండి.

కీర్తి వద్దంటూనే కీర్తి కోసం ఇంత తాపత్రయమా అని ఈ పద్యాన్ని తేలిగ్గా కొట్టిపారేసినవాళ్ళు ఉన్నారు. నాకు మాత్రం అందులో దాపరికం కనిపించదు. ఊరి అందం, వంశం పరువు, తన చావు, కొడుకు భవిష్యత్తు అన్నీ ఒకే మనిషి బుర్రలో ఒకేసారి తిరుగుతున్నాయి, అన్నీ రాయించాడు. ఇల్లు కట్టుకున్న ఎవరి మనసులోనైనా ఇవన్నీ ఉంటాయి. కాకపోతే 'రోమ్ పాత అందం' అన్న మాట దగ్గర ఆగాలి. 11, 12 శతాబ్దాల్లో కొత్త ఇంటికి పాత రాళ్ళు ఎందుకు పెట్టావని అడిగితే, కారణం ఇదీ అని ఇంటివాడే రాసిపెట్టిన చోట్లు ఎక్కడోగానీ దొరకవు. మిగతాచోట్ల మనం ఊహించుకోవాలి.

ఆ పద్యం నడకలో కూడా ఒక సంగతి ఉంది. చాలా పాదాల్లో మధ్యలో మాటకీ చివరి మాటకీ ప్రాస కుదిర్చారు. వర్జిల్ కాలపు లాటిన్ కవులు ఇలా రాయలేదు, ఇది పూర్తిగా మధ్యయుగపు అలవాటు. పాత రోమ్‌ని నిలబెడుతున్నానని చెప్పే పద్యం తన కాలపు ఛందస్సులోనే ఆ మాట చెబుతోంది. ఇటుకలో తీసిన స్తంభాల తలలు చేస్తున్నదీ అదే పని. పాతదానికి నకలు తీయాలని వాళ్ళు అనుకోలేదు, పాతదాన్ని తమ చేతివాటంతో కొనసాగించారు.

వంతెన పక్కన ఇల్లు

అందం, భక్తి ఒక ఎత్తు. ఇల్లు ఉన్న చోటు ఇంకో ఎత్తు. పురాతన కాలంలో ఇది పశువుల సంత, నది రేవు. నది దాటడానికి ఎమీలియన్ వంతెన పక్కనే. 1598 వరదలో ఆ వంతెన సగం కొట్టుకుపోయింది, మిగిలిన ఒకే ఒక్క కమాను ఇప్పటికీ నది మధ్యలో ఉంది. విరిగిన వంతెన అనే పేరుతోనే పిలుస్తారు. నికోలస్ కాలంలో వంతెన ఎవరి గుప్పిట్లో ఉంటే ఊళ్ళోకి వచ్చేపోయే సరుకు, మనుషులు వాళ్ళ కళ్ళముందు నుంచే వెళ్ళాలి. ఈ ఇల్లు బురుజులాగా పైకి లేచిన కట్టడం. అందులో కాపలా అవసరం కూడా ఉంది.

అప్పట్లో రోమ్‌లో పేరున్న ప్రతి కుటుంబమూ ఏదో ఒక శిథిలాన్ని పట్టుకుని కూర్చుంది. కొలోసియంలో ఫ్రంజిపానీ వాళ్ళు, ఆగస్టస్ సమాధిలో కొలొన్నా వాళ్ళు, ఈ ఇంటికి కాస్త ఎగువన మార్సెలస్ నాటకశాలలో మొదట పియర్లెయోనీలు, తర్వాత సవెల్లీలు. నికోలస్ వంశానికీ, 10వ శతాబ్దం చివర రోమ్‌ని శాసించిన క్రెషెంతియస్‌కీ చుట్టరికం ఎంత దగ్గరిది అన్నది పండితుల మధ్య నలుగుతున్న విషయం. ఆ క్రెషెంతియస్ జర్మన్ చక్రవర్తి మూడో ఒట్టోకి ఎదురుతిరిగి, హేడ్రియన్ సమాధిని కోటగా చేసుకుని పోరాడి, 998లో పట్టుబడి తల పోగొట్టుకున్నాడు. అలాంటి పేరు తలుపు మీద చెక్కించుకున్నవాడికి పూర్వీకుల వైభవం అన్న మాట వట్టి అలంకారం కాదు. పాత చక్రవర్తుల కాలపు పాలరాయి గోడ మీద కనిపిస్తుంటే, ఈ ఊరికి అసలు వారసులు ఎవరు అన్న ప్రశ్నకి ఆ ఇంటివాడు జవాబు చెబుతున్నట్టే. ఆ ప్రశ్న మీద పోపులు, జర్మన్ చక్రవర్తులు, రోమ్ ప్రభువులు తన్నుకుంటున్న కాలం అది.

జనం మాత్రం కొన్ని తరాల్లోనే అసలు యజమానిని మరిచిపోయారు. క్రీస్తు శ్రమల నాటకాలు ఆడే రోజుల్లో ఇది క్రీస్తుకి శిలువ శిక్ష వేసిన పిలాతు ఇల్లు అయింది. తర్వాత, 14వ శతాబ్దంలో పాత రోమన్ గణతంత్రాన్ని మళ్ళీ తెస్తానని లేచి 1354లో జనం చేతిలోనే చచ్చిపోయిన కోలా ది రియెంజో ఇల్లు అన్నారు. చరిత్ర ప్రకారం రెండూ తప్పే. అయితే రెండో పేరు పెట్టినవాళ్ళకి ఇంటి మనసు అర్థమైందనిపిస్తుంది.

కాపాడటమా, పాడుచెయ్యడమా?

ఏదో ఒక గుడి చూరు కూలగొడితేనో, కూలినదాన్ని ఇంకా విడగొడితేనో ఈ ముక్కలు నికోలస్‌కి దక్కాయి. ఇందులో సందేహం లేదు. అవి ఏ కట్టడానివో ఆ ఆధారం తెగిపోయింది. మరోవైపు, వాటిని అతను గోడలో పెట్టకపోతే బట్టీలో పొడై ఎవరి ఇంటి గచ్చులోనో కలిసిపోయేవి. ఈ రెండు మాటలూ నిజమే, ఒకదాన్ని చెప్పి రెండోది దాచకూడదు.

మధ్యయుగంవాళ్ళకి పాతవాటి విలువ తెలియదనే మాట కూడా సరిచెయ్యాలి. 1162లో రోమ్ సెనేట్ ట్రాజన్ స్తంభం గురించి ఒక తీర్పు ఇచ్చింది. లోకం ఉన్నంతకాలం అది రోమ్ ప్రజల గౌరవార్థం చెక్కుచెదరకుండా నిలవాలి, దాన్ని పాడుచేసే ప్రయత్నం చేసినవాడికి మరణశిక్ష, ఆస్తి జప్తు. నికోలస్ కాలానికి అది ఎంతో దూరం కాదు.

అసలు భారీ నష్టం ప్రాచీన కళను తలకెత్తుకున్న పునరుజ్జీవన కాలంలో జరిగింది. 1540లో మూడో పాల్ పోప్, సెయింట్ పీటర్స్ కొత్త కట్టడం పనివాళ్ళు పాత రోమ్ నడిబొడ్డు కూడలి ఫోరమ్‌తో సహా పాత స్థలాల్లో రాయి తవ్వుకోవచ్చని అనుమతి ఇచ్చాడు. అంతకు రెండు దశాబ్దాల ముందే చిత్రకారుడు రఫేల్ పదో లియో పోప్‌కి రాసిన లేఖలో, మనం చూస్తున్న ఈ కొత్త రోమ్ ఎంత అందంగా ఉన్నా ఇదంతా పాత పాలరాతి సున్నంతో కట్టిందేనని వాపోయాడు. విజ్ఞానం పెరిగితే విధ్వంసం తగ్గుతుందని అనుకుంటాం. రోమ్‌లో ఆ రెండూ ఒకే చేతుల మీదుగా నడిచాయి.

1930లలో ఇంకో రకం దెబ్బ తగిలింది. ముస్సోలినీ ప్రభుత్వం సముద్రం వైపు పెద్ద రోడ్డు వెయ్యడానికి, ప్రాచీన కట్టడాలకి 'విముక్తి' ఇవ్వడానికి మార్సెలస్ నాటకశాల నుంచి నది దాకా ఉన్న పాత పేటల్ని పడగొట్టింది. మొంతనారా అనే సందడి కూడలి పూర్తిగా పోయింది. వందల ఏళ్ళుగా పాత రాళ్ళని తమ గోడల్లో మోసిన మామూలు ఇళ్ళు, వర్క్‌షాపులు చెత్త కింద లెక్కకొచ్చాయి. క్రెషెంజీ ఇల్లు శాసనం పుణ్యమా అని మిగిలింది, చుట్టుపక్కల సందులన్నీ పోయి ఒంటరిగా. ఇవాళ దాని ముందు నిలబడితే అదేదో ప్రత్యేక స్మారకంలా కనిపిస్తుంది. కట్టిన రోజుల్లో అది ఇరుకు పేటలో, పొరుగిళ్ళ మధ్య, రేవు కూలీల కేకల మధ్య ఉన్న ఇల్లు. ఆ పొరుగు పోవడం కూడా నష్టమే అని గట్టిగా చెప్పాలి. ఒక కట్టడానికి అన్ని కాలాలవాళ్ళూ చేర్చినదాన్ని గౌరవించాలన్న సూత్రం, పాత కట్టడాల సంరక్షణ కోసం 1964లో రాసిన వెనిస్ చార్టర్‌లో రాతలోకి వచ్చింది. ఈ పేటకి అది ముప్పయ్యేళ్ళు ఆలస్యం.

ఇదంతా దూరదేశం కథ అనుకోనక్కర్లేదు. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్నం కట్టించినప్పుడు మహాస్తూపం దిబ్బే రాతి గని అయింది. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో తిరిగి వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వి ఉంది. పలకలు మెట్లకీ గోడలకీ పోయాయి, పల్నాటి సున్నపురాయి కాబట్టి కొన్ని సున్నానికీ పోయాయి. మిగిలినవి ఇవాళ చెన్నైలో, లండన్‌లో, కొద్దిగా అమరావతిలో ఉన్నాయి. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక పలక ఈ కథని ఇంకా వెనక్కి తీసుకెళుతుంది. దాని ముందువైపు స్తూపం బొమ్మ, క్రీ.శ. 3వ శతాబ్దానిది. వెనకవైపు బోధివృక్షం కింద ఖాళీ ఆసనానికి మొక్కుతున్న భక్తులు, క్రీ.పూ. 1వ శతాబ్దానిది. స్తూపాన్ని కొత్తగా అలంకరించినప్పుడు బౌద్ధ శిల్పులే తమ పాత పలకని తిప్పి, రెండోవైపు చెక్కారు. భక్తి ఉన్నవాళ్ళు చేసిన పునర్వినియోగం అది. దిబ్బని చెరువు చేసినవాళ్ళది వేరే రకం. రెంటికీ ఒకే పేరు పెట్టి ఒకే తీర్పు ఇస్తే రెండూ అర్థం కావు.

వెళితే ఎలా చూడాలి?

మెట్రో బి లైన్‌లో చిర్కో మాసిమో స్టేషన్‌లో దిగి నది వైపు నడవండి. ఇంటి లోపల ఇటలీ వాస్తుచరిత్ర అధ్యయన కేంద్రం ఉంది, రోజూ టికెట్టు ఇచ్చి పంపే చోటు కాదు. లోపల చూడాలంటే ముందుగా అడిగి ఏర్పాటు చేసుకోవాలి. అయినా పైన చెప్పిన సంగతులన్నీ వీధిలోంచే కనిపిస్తాయి, పైసా ఖర్చు లేదు. ఇంటికి వెనక ఆనుకుని ఉన్న భాగం 20వ శతాబ్దంలో కలిపింది, దాన్ని పాతదానితో కలిపి చూడకండి. కెమెరాకి జూమ్ ఉంటే చూరు వరస మొత్తం ఒక్కో ముక్కగా తీసుకుని, ఏది పాతది, ఏది దానికి జతగా చేసినది అని ఇంట్లో కూర్చుని పోల్చుకోవచ్చు. పోర్టునస్ గుడి గోడకున్న అరస్తంభాల్ని ముందు చూసి, తర్వాత ఇంటి దగ్గరికి వస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

మార్సెలస్ నాటకశాల వైపు కొంచెం నడిస్తే సాన్ నికోలా ఇన్ కార్చెరె చర్చి వస్తుంది. పక్కపక్కనే ఉన్న మూడు రోమన్ గుళ్ళ మధ్యలో కట్టారు దాన్ని. పక్కగోడలో గుడి స్తంభాలు బారుగా ఇరుక్కుని కనిపిస్తాయి. అక్కడ రాయి కదల్లేదు, గోడే దాని చుట్టూ వచ్చింది. నికోలస్ ఇంటికి ఇది మంచి పోలిక.

ఓపిక ఉంటే విరిగిన వంతెన పక్కనున్న పాలటినో వంతెన మీదుగా నది దాటి శాంతా మరియా ఇన్ త్రస్తెవెరె చర్చికి కూడా వెళ్ళండి. 1140లలో కట్టిన ఆ చర్చి హాలులో స్తంభాలన్నీ పాతవే. వాటి తలల్లో ఎనిమిది కరకాలా స్నానశాలల నుంచి వచ్చాయి. వాటి మీద ఐసిస్, సెరాపిస్, హార్పోక్రటీస్ అనే ఈజిప్టు దేవతల ముఖాలు ఉండేవి. ఏడు వందల ఏళ్ళకు పైగా వాటి కిందే పూజలు జరిగాయి, ఎవరూ వాటి జోలికి పోలేదు. అవి ఎవరి ముఖాలో పండితులు గుర్తుపట్టాక, 1870 మరమ్మతుల్లో ఉలి పెట్టి చెక్కేశారు. ఇప్పుడు తలెత్తి చూస్తే ముఖాలు ఉండాల్సిన చోట గరుకు రాయి కనిపిస్తుంది.